పాత చైనా బల్ల కొనే ముందు దాని కిందికి దూరి చూడండి

పాత చైనా బల్ల కనపడగానే ఎవరైనా చేసే మొదటి పని పైన అరచెయ్యి పెట్టి నిమరడం. నున్నగా, చల్లగా తగులుతుంది. అక్కడితో మనసు పారేసుకుంటాం. అమ్మేవాడికి కావలసిందీ అదే.

పన్నెండేళ్ళ కిందట సింగపూర్‌లో నేను కొన్న మొదటి బల్ల అలా కొన్నదే. "హువాంగ్‌హువాలి కర్ర సార్, మింగ్ స్టైల్" అన్నాడు షాపాయన. ఇంటికి తెచ్చి తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకి డికాషన్ రంగు అంటుకుంది. నేల మీద వెల్లకిలా పడుకుని ఫోన్ లైటు వేసి చూశాను. కాలూ పట్టే కలిసే మూలలో కొత్త స్క్రూ ఒకటి తళతళ మెరుస్తోంది. దాని మీద లప్పం పెట్టే ఓపిక కూడా చేసుకోలేదు. తప్పు ఆయనది ఎంతో నాదీ అంతే. "మింగ్ స్టైల్" అన్నాడే గానీ మింగ్ రాజవంశం (1368–1644) కాలంలో చేసింది అని ఆయన అనలేదు. నేను అనుకున్నాను.

ఆ రోజు నుంచి నా వరస మారింది. ముందు ఆకారం, తర్వాత కూర్పు, ఆ తర్వాత కాళ్ళ అడుగులు. కర్ర పేరు ఆఖర్న. ఎవరైనా "ఏ కర్ర మంచిది?" అని మొదలుపెడితే ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టమంటాను. కర్ర పేరుకి డబ్బు కట్టి, అసలైన పనితనం ఉన్న బల్లని పక్క షాపులో వదిలేసి వచ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

కాళ్ళు మూలల్లో ఉన్నాయా, లోపలికి జరిగాయా

మనకి బల్ల అంటే బల్లే. చైనావాళ్ళకి రెండు మాటలున్నాయి. కాళ్ళు సరిగ్గా నాలుగు మూలల కింద ఉంటే అది జువో. కాళ్ళు రెండు చివరల నుంచి లోపలికి జరిగి, పైపలక అటూ ఇటూ బయటికి చాచినట్టు ఉంటే అది ఆన్. ఇది ఉత్త పేర్ల గొడవ కాదు, రెండింటి కట్టుబడే వేరు. ఆన్ చూస్తే స్తంభాల మీద దూలం పెట్టినట్టుంటుంది. కాళ్ళు పైకి వెళ్ళేకొద్దీ కొద్దిగా లోపలికి వాలుతాయి, పాత చెక్క మండపాల స్తంభాల్లాగే. జువోలో ఒక రకానికి పైపలకకీ కింది పట్టెకీ మధ్య సన్నని నడుము ఉంటుంది. ఆ నడుముకి మూలం బౌద్ధ విగ్రహాల కింద ఉండే సుమేరు పీఠం అని పండితులు చెబుతారు. నడుమున్న బల్లకి పాదం సాధారణంగా గుర్రపు డెక్కలా లోపలికి తిరిగి ఉంటుంది. నడుము లేనిదానికి కాళ్ళు చాలావరకు గుండ్రంగా, నిటారుగా దిగిపోతాయి. గుండ్రటి కాళ్ళ ఆన్‌కి ఎవరైనా గుర్రపు డెక్క తగిలించి ఉంటే నేను అక్కడే ఆగిపోతాను.

గోడకి ఆనించి పెట్టుకోవడానికి ఆన్‌ని మించింది లేదు. లోతు తక్కువ, పొడవు ఎక్కువ. ఇందులో మళ్ళీ రెండు రకాలు. చివరలు చదునుగా ఉన్నది పింగ్‌తౌ ఆన్. చివరల్లో అంచు చిన్న రెక్కలా పైకి వంపు తిరిగింది చియావ్‌తౌ ఆన్. ఫొటోలో రెండోదే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కానీ దెబ్బ తగిలితే ముందు ఊడేది ఆ రెక్కే, కొత్తది చేసి అతికించేదీ దాన్నే. ఇంటికి ఒకటే కొంటుంటే చదునుది తీసుకోమంటాను. ఇవాళ గోడకి, రేపు సోఫా వెనక్కి, ఎల్లుండి రాసుకోవడానికి, దేనికైనా పనికొస్తుంది.

ఆల్టర్ టేబుల్ పేరుతో అమ్మే ఈ పొడవాటి బల్లలని విదేశాల్లో మనవాళ్ళు కొందరు పూజకి వాడుతున్నారు. ఎత్తు 80 నుంచి 90 సెంటీమీటర్లు, నిలబడి హారతి ఇవ్వడానికి సరిపోతుంది. చైనా ఇళ్ళలోనూ పూర్వీకుల పటాల ముందు ధూపం పెట్టిన బల్లలే కాబట్టి పెద్ద తేడా ఏమీ లేదు. దీపం కింద మాత్రం ఇత్తడి పళ్ళెం పెట్టండి. మైనం పట్టిన పాత కర్రలోకి నూనె దిగితే ఆ మరక పోదు.

కూర్చుని భోంచేయాలంటే చతురస్రపు బాషియన్ జువో చూపిస్తారు. "ఎనిమిది మంది అమరుల బల్ల" అని దాని పేరు. పక్కకి ఇద్దరు చొప్పున ఎనిమిది మంది కూర్చుంటారు. ఇక్కడ ఒక చిక్కుంది. దాని ఎత్తు 85 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ఇప్పటి డైనింగ్ టేబుల్ 75 ఉంటుంది. పాత చైనా కుర్చీ కూడా ఎత్తే, కాళ్ళు పెట్టుకోవడానికి ముందు ఒక పట్టె ఉండేది, కాబట్టి వాళ్ళకి సరిపోయింది. మన కుర్చీ వేసుకుంటే పెద్దవాళ్ళ బల్ల దగ్గర చిన్నపిల్లాడు కూర్చున్నట్టుంటుంది. ఈ బాధ పడలేకే చాలా బల్లల కాళ్ళు కింద కోసేశారు. కోసిన బల్లకి విలువ పడిపోతుంది, ఆకారం కూడా పొట్టిగా, లావుగా మారుతుంది. టేపు తీసుకెళ్ళండి. 75 అని తేలితే ఎందుకు 75 అయిందో అడగండి.

నేల మీద కూర్చునే అలవాటున్న మన ఇళ్ళలో బాగా ఒదిగేది కాంగ్ టేబుల్ అని నా అభిప్రాయం. ఉత్తర చైనాలో చలికి ఇటుకలతో కట్టి కింద వేడి పంపే అరుగుని కాంగ్ అంటారు. దాని మీద పెట్టుకునే పొట్టి బల్ల ఇది. అడుగు ఎత్తుకి అటూ ఇటూ ఉంటుంది. పెద్ద బల్లల్లో ఉండే పనితనమంతా ఇందులోనూ ఉంటుంది, కర్ర తక్కువ పడుతుంది కాబట్టి ధరా తక్కువే. రాసుకునే బల్ల కావాలంటే బొమ్మలు వేసుకోవడానికి చేసిన వెడల్పాటి పెయింటింగ్ టేబుల్ అందరికీ నచ్చుతుంది, నాకూ నచ్చుతుంది. అయితే పాతకాలపు వెడల్పు బల్లలు సన్నవాటికన్నా అరుదు. చవకలో దొరికిందంటే రెండు బల్లల్ని కలిపి ఒకటి చేశారేమో చూడాలి.

మేకు లేని పని

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు పనంతా ఇందులోనే ఉంది.

ఈ బల్లల పైభాగం చాలావరకు ఒకే పలక కాదు. చుట్టూ నాలుగు పట్టెలు, మూలల్లో ఏటవాలుగా కోసి ఒకదానిలోకి ఒకటి దిగేసినవి. పట్టెల లోపలి అంచున గాడి తీసి, ఆ గాడిలో పలకని వదులుగా కూర్చోబెడతారు. జిగురు పెట్టరు. కర్ర తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, నిలువున మాత్రం దాదాపు మారదు. పలకని గట్టిగా బిగించి ఉంటే ఏదో ఒక వేసవిలో ఫట్‌మని చీలుతుంది. గాడిలో వదులుగా ఉంది కాబట్టి ఊపిరి తీసుకున్నట్టు కదులుతుంది. పలక వంగిపోకుండా అడుగున అడ్డబద్దలు ఉంటాయి. పలక అడుగున లోపల వెడల్పుగా, నోటి దగ్గర ఇరుకుగా ఒక గాడి తీసి, అదే ఆకారంలో చెక్కిన బద్దని పక్కనుంచి జారుస్తారు. కిందికి ఊడిరాదు, కానీ పలకని కదలనిస్తుంది.

దీన్నిబట్టి కొనేవాళ్ళకి ఒక సంగతి తెలుస్తుంది. పలకకీ పట్టెకీ మధ్య సన్నటి సందు కనిపిస్తే కంగారు పడకండి. హాంకాంగ్ తేమలో ఉన్న బల్లని న్యూజెర్సీలో హీటర్ వేసిన గదిలోకి తెస్తే ఆ సందు వస్తుంది, వేసవిలో తగ్గుతుంది. ఆ సందులో ఎవరైనా లప్పమో జిగురో నింపి ఉంటే మాత్రం బేరం తగ్గించండి. తర్వాత పలక చీలేది అలాంటిచోటే.

ఇప్పుడు వేలితో చేసే పరీక్ష. పొడుగు పట్టె చివర ఉన్న కుసి (బెజ్జంలో దిగేలా సన్నగా చెక్కిన కొస), పొట్టి పట్టెలోని బెజ్జంలోంచి దూరి చాలా పాత బల్లల్లో బయటికి కనిపిస్తుంది. బల్ల పొట్టివైపు అంచున, మూల దగ్గర చిన్న దీర్ఘచతురస్రంలా కర్ర కొస అగుపిస్తుంది. దాని మీద వేలి కొస నెమ్మదిగా జరపండి. నిజంగా పాతదైతే ఆ కొస చుట్టూ ఉన్న పట్టెకన్నా వెంట్రుకవాసి పైకి లేచి తగులుతుంది. పట్టె అడ్డంగా ముడుచుకుంది, కుసి నిలువున ముడుచుకోలేదు, అంతే కారణం. కొత్త బల్లలో రెండూ సమంగా ఉంటాయి. అలాగని సమంగా ఉన్నవన్నీ కొత్తవి కావు, తర్వాత ఎవరో చిత్రిక పట్టి ఉండొచ్చు. అయినా నా వేలికి తెలిసిన పరీక్షల్లో ఇది చాలా నమ్మకమైనది.

ఆన్ రకంలో కాలి పైకొసని మధ్యలో చీల్చి, ఆ చీలికలో పొడుగు పట్టెని దింపుతారు. కాలి చివర మిగిలిన రెండు కుసులు పైపలక చట్రంలోకి ఎక్కుతాయి. బరువు పడేకొద్దీ బిగుస్తుంది. నడుమున్న జువోలో కాలూ, నడుమూ, కింది పట్టే మూడూ ఒకచోట కలిసే కూర్పు ఇంకా మెలికతో ఉంటుంది. బయటికి కనపడేది ఒక్క ఏటవాలు గీత. ఆ గీతలోకి విజిటింగ్ కార్డు అంచు దూరకూడదు.

కాళ్ళ మధ్య అడ్డకర్రలు లేకుండా బల్ల ఊగకుండా చేయడానికి వాళ్ళు కనిపెట్టింది బావాంగ్‌చెంగ్. పాము వంపు తిరిగిన చెయ్యిలాంటి కర్ర, కాలి లోపలివైపు నుంచి లేచి పైపలక అడుగున ఉన్న అడ్డబద్దని ఎత్తి పట్టుకుంటుంది. కాలి దగ్గర అది కొక్కెంలా ఎక్కి, కింద చిన్న చీల కొడితే బిగుస్తుంది. మోకాళ్ళకి ఏదీ తగలదు. రాసుకునే బల్ల కొనేవాళ్ళు కాళ్ళ మధ్య వంగిన అడ్డపట్టె ఉన్నదానికన్నా దీన్ని ఎంచుకుంటే సుఖం. ఖర్చు ఎక్కువ, ఎందుకంటే ఆ వంపు తీయడానికి లావు కర్ర కోయాలి.

కర్ర పొదుపు చేశారో లేదో గుర్రపు డెక్కలోనూ తెలుస్తుంది. మంచి పనివాడు లావు దుంగలోంచి కాలు మొత్తం ఒకే ముక్కగా చెక్కుతాడు. పాదం దగ్గర ఉన్నంత లావు కాలి పొడవునా ఉండాలి, మిగతాదంతా ఉలికి పోతుంది. చవక పనిలో సన్నటి కాలికి కింద ముక్క అతికిస్తారు. కర్ర గీతలు పాదం దాకా తెగకుండా వెళ్ళాయేమో చూడండి. మడమ దగ్గర గీత ఠక్కున ఆగి వేరే దిక్కు పట్టిందంటే అతుకే.

నాన్‌జింగ్ మ్యూజియంలో 1595 నాటి బల్ల ఒకటుంది. కాళ్ళూ చట్రమూ హువాంగ్‌హువాలి, పైపలక తియెలీమూ అనే ముతక కర్ర. ఎక్కడా నగిషీ లేదు. కాలి మీద యజమాని చెక్కించుకున్న నాలుగు ముక్కల్లో కర్ర అందమైనదీ గట్టిదీ అనీ, పని సాదాగా ఉండి సొగసైందనీ, నీ మీద ఆనుకుని నూరేళ్ళు హాయిగా ఉంటాననీ ఉంది. బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలోని 1640 నాటి తియెలీమూ ఆన్ పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. దాని తేదీ ఎక్కడ చెక్కారో తెలుసా, పైపలక అడుగున!

ఇక కర్ర

1567లో మింగ్ ప్రభుత్వం సముద్ర వ్యాపారం మీద నిషేధం సడలించాక దక్షిణం నుంచి గట్టి కర్రలు చైనాకి బాగా రావడం మొదలైంది. ఈ బల్లల స్వర్ణయుగం ఆ తర్వాతదే. హువాంగ్‌హువాలి హైనాన్ దీవి కర్ర, మన జిట్రేగికి చుట్టం, రెండూ డాల్బెర్జియా కుటుంబమే. తేనె రంగు నుంచి ఎర్రమట్టి రంగు దాకా ఉంటుంది. ముడుల దగ్గర గీతలు కళ్ళూ నోరూ ఉన్నట్టు తిరుగుతాయి. వాటిని "దెయ్యం ముఖాలు" అంటారు. గీతలే అందం కాబట్టి దీన్ని ఎక్కువగా చెక్కరు, సాదాగా వదిలి మైనం పట్టిస్తారు.

జితాన్ అనే కర్ర దగ్గరికి వచ్చేసరికి నాకు ఊరు గుర్తొస్తుంది. మాది రైల్వేకోడూరు వైపు. ఫారెస్టు ఆఫీసు ఆవరణలో నంబర్లు వేసి పేర్చిన ఎర్రచందనం దుంగలు చూస్తూ పెరిగాను. చైనా జాతీయ ప్రమాణంలో జితాన్ వర్గం కింద ఉన్నది ఒకే ఒక్క జాతి, అది మన శేషాచలం ఎర్రచందనమే. మింగ్ తర్వాత చైనాని ఏలిన చింగ్ చక్రవర్తుల కొలువులో దీనికి మించిన కర్ర లేదు. నీళ్ళలో మునిగేంత బరువు, సన్నటి పోగు. ఎంత చిన్న నగిషీ చెక్కినా అంచు విరగదు. అందుకే హువాంగ్‌హువాలికి పూర్తిగా ఎదురు, జితాన్ బల్లల మీద చెక్కడం ఎక్కువ. మా వైపు చెట్లు చూసినవాళ్ళకి ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. ఎర్రచందనం మాను లావు ఎక్కదు, చాలా మానుల్లో మధ్య డొల్ల ఉంటుంది. "పది జితాన్‌లలో తొమ్మిది డొల్ల" అని చైనా కర్ర వ్యాపారులే అంటారు. కాబట్టి రెండడుగుల వెడల్పున్న ఒకే పలక చూపించి జితాన్ అంటే నమ్మకండి. తెల్ల కాగితం మీద రుద్దితే ఎర్రగా అంటుతుందని ఒక పరీక్ష చెబుతారు. అదీ చాలదు. ఆఫ్రికా నుంచి వచ్చే దీని దాయాది ఒకటుంది, చైనా మార్కెట్లో షుయేతాన్ అంటారు. అదీ ఎర్రగానే అంటుతుంది.

18వ శతాబ్దంలో హువాంగ్‌హువాలి దొరకడం కష్టమయ్యాక దాని చోటు హోంగ్‌మూ తీసుకుంది. ఈ మాటతో జాగ్రత్త. పాత వ్యాపారులకి హోంగ్‌మూ అంటే కోసినప్పుడు పుల్లటి వాసన వచ్చే ఒక రకం రోజ్‌వుడ్. 2017లో సవరించిన చైనా ప్రమాణంలో హోంగ్‌మూ అంటే 29 జాతులు. సర్టిఫికెట్‌లో "హోంగ్‌మూ" అని మాత్రమే ఉంటే ఆ 29లో ఏదైనా కావచ్చు. జీచీమూ అనే ఇంకో కర్ర గీతలు కోడి రెక్క ఈకల్లా ఉంటాయి, నచ్చినవాళ్ళకి పిచ్చిగా నచ్చుతాయి. తియెలీమూ పెద్ద పెద్ద ముక్కల్లో దొరుకుతుంది, ముతక పోగు.

వీటి పక్కన కూర్చునేవి జూమూ, యూమూ. రెండూ ఎల్మ్ కుటుంబానివే, దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి. చైనావాళ్ళ లెక్కలో ఇవి గట్టి కర్రలు కావు, మామూలు కర్రలు. కానీ తూర్పు చైనాలోని సూచౌ పనివాళ్ళు జూమూతో చేసిన బల్లలు ఆకారంలో, కూర్పులో హువాంగ్‌హువాలి బల్లలకి ఏమాత్రం తీసిపోవు. 2015లో న్యూయార్క్ వేలంలో నాలుగు హువాంగ్‌హువాలి కుర్చీల సెట్ 96 లక్షల డాలర్ల పైన పలికింది. ఆ పోటీలోకి మనం వెళ్ళలేం. మొదటి బల్ల కొనేవాళ్ళకి నా సలహా ఒకటే, అనుమానపు హువాంగ్‌హువాలి కన్నా నిఖార్సైన జూమూ. దాదాపు అదే డబ్బుకి రెండూ దొరుకుతుంటాయి, అదే విచిత్రం.

సూచౌ, గ్వాంగ్‌జౌ పనితనాల తేడా కూడా ఇక్కడే చెప్పేస్తాను. సూచౌ వాళ్ళకి కర్ర దూరం నుంచి రావాలి కాబట్టి పొదుపు, గీత సన్నం, నగిషీ కొంచెం. గ్వాంగ్‌జౌ రేవు పట్టణం, కర్ర దండి. లావు కాళ్ళు, నిండా చెక్కడం, పైన పాలరాయి పలక, ముత్యపు చిప్ప పొదుగుడు. మన పెద్దవాళ్ళకి రెండోది నచ్చుతుంది, నేను కాదనను. కానీ చెక్కడం సందుల్లో దుమ్ము తుడిచేది ఎవరో ముందే ఇంట్లో తేల్చుకోండి.

అడుగులు, పత్రాలు

పాత బల్లలు తడి ఇటుక నేల మీద, రాతి నేల మీద నిలబడ్డాయి. అందుకే పాదాల అడుగున కర్ర నల్లబడి, మెత్తబడి, నాలుగు కాళ్ళలో ఒక్కోటి ఒక్కోలా అరిగి ఉంటుంది. నాలుగూ ఒకేలా, రంపంతో కోసినట్టు ఉన్నాయంటే కొత్తవో, కోసినవో. పైపలక అడుగున పాత లక్క పూత పొరలుగా పగిలి ఉండటం మంచి గుర్తు. తేమ ఎక్కకుండా పూసేవారు. అంతటా ఒకే నల్లరంగు, ఉప్పు కాగితం గీతలు కనిపిస్తే ఈ మధ్య పూసినదే. బాగుచేసిన బల్ల కొనకూడదని నేననను. ఒక పాదానికి ముక్క వేశారు, ఒక పట్టె మార్చారు, ఆ మాట చెప్పి అమ్మారు, తీసుకోవచ్చు. ఒక బల్ల పైభాగం ఇంకో బల్ల కాళ్ళ మీద పెట్టినదాన్ని మాత్రం వదిలేయండి. పట్టె అడుగున ఇప్పుడు దేనికీ పనికిరాని ఖాళీ బెజ్జాలు కనిపిస్తే అదే సంగతి.

దేశం దాటించేటప్పుడు ఇంకో టెన్షన్. ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ (ముప్పులో ఉన్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో ఉంది. డాల్బెర్జియా కుటుంబం దాదాపు మొత్తం 2017 జనవరి 2 నుంచి ఉంది. డాల్బెర్జియా సామాను ఒక రవాణాలో ఆ కర్ర 10 కిలోల లోపు ఉంటే మినహాయింపు ఉంది గానీ బల్ల అంత తేలిగ్గా ఉండదు. డాల్బెర్జియా బల్ల పాతదే అయినా, ఒప్పందానికి ముందుదని పత్రం కావాలి. డబ్బు కట్టకముందే అది ఎవరు తెచ్చిపెడతారో రాయించుకోండి. జూమూ, యూమూలకి ఈ బాధ లేదు, నేను వాటివైపు మొగ్గడానికి అదీ ఒక కారణం.

మొన్న న్యూజెర్సీ నుంచి మా చిన్నమ్మ కూతురు వీడియో కాల్ చేసింది. "అన్నా, రెండూ ఒకటే రేటు చెప్తున్నారు, ఏది తీసుకోమంటావు?" ఒకటి పాలరాయి పలకతో నిండా చెక్కిన హోంగ్‌మూ జువో. రెండోది జూమూ పింగ్‌తౌ ఆన్, ఒక కాలికి ముక్క వేసి ఉంది, వేశామని షాపువాళ్ళే చూపించారట. ఫోన్ కిందికి పెట్టమన్నాను. హోంగ్‌మూ దాని మూలల్లో లోహపు ప్లేట్లు, నాలుగు స్క్రూలు. జూమూ దాని అడుగున జారుడు బద్దలు మూడు, లక్క పగుళ్ళు. కుసి కొస మీద వేలు జరపమంటే, "కొంచెం పైకి లేచినట్టు తగులుతోంది అన్నా" అంది. తీసుకో అన్నాను.

ఇద్దరు మనుషులొచ్చి పైపలక అంచు పట్టి ఎత్తబోతుంటే ఫోన్లోనే కేకేశాను. ఇలాంటి బల్లకి జిగురు పెద్దగా ఉండదు, పైపలక కాళ్ళ మీద కుసులతో కూర్చుని ఉంటుంది, పైకి లాగితే ఊడి చేతికొస్తుంది. చెరోవైపు కాళ్ళ కిందుగా పట్టుకుని ఎత్తాలి.